కోటయ్య డిస్కో

నేను చర్చిలో తెల్లముసలమ్మలతో కలిసి బాజాలు ఊదుతున్నానని, ఆ గొట్టాల్లోంచి ఎంగిలి కారి చర్చివాళ్ల కార్పెట్ పాడైందని, రేపో మాపో మమ్మల్ని వెళ్లగొట్టబోతున్నారని రాగిణి చెప్పిందట. ఎవరితో అంటే, ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుకుంటున్న మా పక్కింటి జయంతితో. జయంతిది కరీంనగర్. విన్నది కడుపులో పెట్టుకునే రకం కాదు. బెండకాయల సంచీతో నేరుగా మా గరాజ్‌లోకి వచ్చింది.

"ఏందక్కా, నువ్వు బాజాలు ఊదుతున్నవంట గదా? నాకు ఒక్క మాటన్న చెప్పకపోతివి."

"బాజాలు కాదే. బాస్ క్లారినెట్."

"గదే. రాగిణి అయితే ముక్కు మూసుకొని చెప్పింది. ఛీ, ఎంగిలి, ఎంగిలి అనుకుంట. మనోళ్లల్ల ఆడోళ్లు ఇట్ల ఊదుడు ఎన్నడన్న చూసినమా అన్నది."

"మనోళ్లంటే ఎవరంట?"

"గది నన్నడుగుతవేంది? మీ ఆంధ్రోళ్ల మనోళ్లు ఎవరో మీకే ఎరుక," అని నవ్వి, నాలుగు బెండకాయలు నా బల్ల మీద పోసి వెళ్లిపోయింది.

చర్చి హాల్లో అసలు కార్పెట్టే లేదు. నున్నటి సిమెంటు నేల. గొట్టంలోంచి కారేది ఎంగిలి కూడా కాదు. వెచ్చటి ఊపిరి చల్లటి చెక్కకు తగిలి నీరై, అడుగు నుంచి బొట్లుబొట్లుగా దిగుతుంది. చలికాలం కారు అద్దాలకు లోపల పట్టే నీరు లాంటిదే. ఈ సంగతి రాగిణికి చెప్పి ప్రయోజనం లేదు. ఏది ఎంగిలో ఏది కాదో కొందరికి పుట్టకముందే తెలిసిపోయి ఉంటుంది.

రాగిణి భర్త వీరభద్రరావుగారు. డాలస్ శివారులోని మా కాపెల్‌లో 'మనవాళ్లు' అనే వాట్సాప్ గ్రూపు ఆయనదే. నలభై ఇళ్లు. గ్రూపు పేరులో కులం లేదు, ఉండక్కర్లేదు. మేము డాలస్ వచ్చిన కొత్తలో ఆయన మా ఆయన దివాకర్‌ను ఇంటిపేరు అడిగారు. మా ఇంటిపేరు రెండు మూడు కులాల్లో ఉంది. "ఓహో, అయితే మనవాళ్లే!" అని భుజం తట్టారు. దివాకర్ నవ్వాడు. ఔననలేదు, కాదనలేదు. ఆ ఒక్క నవ్వు మీద పదిహేనేళ్లు బతికాం. వాళ్ల ఇళ్లలో వ్రతాలు, పార్కుల్లో వనభోజనాలు, పిల్లల పుట్టినరోజులు. పక్కనే కూర్చుని, వాళ్లు మిగతా కులాల గురించి మాట్లాడుకునే మాటలు వింటూ గారెలు తిన్నాం. ఆ గారెలు ఎలా అరిగాయో నాకిప్పటికీ తెలియదు.

మేము బజంత్రీలం. మా నాన్న కోటయ్య పల్నాడులో ఊరూరా తిరిగి పెళ్లిళ్లకు క్లారినెట్ వాయించాడు. దివాకర్ వాళ్ల తాతది డోలు. వాళ్ల నాన్నకు టీచరుద్యోగం వచ్చాక డోలు అటకెక్కింది. మా అమ్మాయి రియాకు ఇవేవీ తెలియవు. అది ఐదో క్లాసులో ఉండగా స్కూల్లో ఫ్యామిలీ ట్రీ ప్రాజెక్ట్ ఇచ్చారు. కోటయ్య తాతయ్య ఫొటో కింద ఏం పని చేసేవారో రాయాల్సిన గడిలో దివాకర్ ఒక పువ్వు స్టిక్కర్ అంటించాడు. స్టిక్కర్ల షీటు అందించింది నేనే.

అలాంటి నన్ను మళ్లీ క్లారినెట్ దగ్గరికి చేర్చింది రియాయే. స్కూల్ బ్యాండ్‌లో దాని చేతికి బాస్ క్లారినెట్ ఇచ్చారు. మా నాన్నది చంకలో పెట్టుకుని సైకిలెక్కగలిగినంత వాయిద్యం. ఇది నిలబెడితే నా రొమ్ము దాకా వచ్చే నల్లటి చెక్క, పైనా కిందా వంపు తిరిగిన వెండి గొట్టం. కాంట్రా అని ఇంకా పెద్దది ఉంది. దాన్ని ఇనపపుల్ల మీద ఆనించి, కూర్చుని వాయించాలి. నాన్న క్లారినెట్ నాలుగు వీధుల అవతలికి అరిచేది. వీటిది గొణుగుడు. రియా మొదటిసారి అట్టడుగు స్వరం ఊదినప్పుడు గరాజ్‌లో నా పాదాల కింద నేల అదిరింది. నేనూ ఒకటి అద్దెకు తెచ్చుకున్నాను. వేళ్లు పెట్టే తీరు మాత్రం నాన్న నేర్పిందే. ఆయన తలుపులేసి నేర్పాడు. ఆడపిల్ల ఊదుతోందని తెలిస్తే పెళ్లిచూపులకు ఎవరూ రారని.

వేసవి సెలవుల్లో మిసెస్ హాలిస్ అనే రిటైరైన బ్యాండ్ టీచర్ ఈ కింది గొంతు క్లారినెట్ల వాళ్లందర్నీ పోగుచేసి, శనివారం పొద్దున్నే చర్చి హాల్లో వాయిస్తుంది. ఆమెతో కలిపి తొమ్మిది మందిమి. ఆరు బాస్‌లు, మూడు కాంట్రాలు. డెబ్బై దాటిన ఆడవాళ్లు ఐదుగురు, మగవాళ్లిద్దరు, రియా, నేను.

"మనకోసం ఎవరూ రాయరు," అంది మిసెస్ హాలిస్ జూన్ మొదటి శనివారం. "ఎవరెవరికో రాసినవి దిగుమతి చేసుకుని వాయిస్తున్నాం. చంద్రికా, నువ్వు రాయి."

"ఏం రాయను?"

"నీకు తెలిసింది."

నాకు తెలిసింది డిస్కో. నవ్వుతారేమో గాని అంతే. నా చిన్నప్పుడు ఊరేగింపులో రిక్షా మీద జనరేటరు, రంగు కాగితాలు చుట్టిన ట్యూబులైట్లు, వాటి ముందు మా నాన్న. పెళ్లికొడుకు తరఫు కుర్రాళ్లు సారా తాగొచ్చి "డిస్కో! డిస్కో కొట్టు కోటయ్యా!" అని ఆయన జేబు పట్టుకుని గుంజేవాళ్లు. గంటసేపు ఒక్క రాగాన్నే తిప్పి తిప్పి వాయించగల మనిషి ఆ డిస్కో కొట్టేవాడు. ఇంటికొచ్చి మూతి కడుక్కుంటూ, "కింద మోత లేకుండా డిస్కో ఏందే? కింద గొంతులు నాలుగుంటే చూపించేవాణ్ణి," అనేవాడు. ఆయన పోయి తొమ్మిదేళ్లు. ఇప్పుడు నా దగ్గర అన్నీ కింద గొంతులే.

జూన్ అంతా రాశాను. ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తూ పాడుకుని, పార్కింగ్ లాట్‌లో ఫోన్‌లో రికార్డ్ చేసుకుని, లంచ్‌లో లాప్‌టాప్ మీద స్వరాలు పెట్టి. మొదటిసారి అందరం కలిసి వాయిస్తే తొమ్మిది గేదెలు బురదగుంటలో దిగినట్టుంది. మిసెస్ హాలిస్ మర్యాద తెలిసిన మనిషి కాబట్టి "ఇంట్రెస్టింగ్" అంది. రియాకు ఆ మొహమాటం లేదు.

"అమ్మా, అందరూ బాటమ్‌కే వెళ్తున్నారు. అంతా మడ్ అయిపోతుంది. స్పేస్ ఇవ్వు."

"స్పేస్ ఇస్తే ఊపు ఎక్కణ్నుంచి వస్తుందే?"

"షేర్ చెయ్. నేను లో నోట్, నువ్వు హై నోట్. టర్న్స్. అప్పుడు బ్రెత్ కూడా తీసుకోవచ్చు కదా."

అదే పట్టింది. డిస్కోలో బాసు కిందా పైనా, కిందా పైనా గెంతుతూ ఉంటుంది. ఒక్కరే ఊదితే అరనిమిషంలో మొహం వంకాయ రంగుకొస్తుంది. కింది గెంతు రియాకిచ్చి పై గెంతు నేను తీసుకున్నాను. అది ఊదేటప్పుడు నేను పీల్చుకోవాలి, నేను ఊదేటప్పుడు అది. డ్రమ్ము లేదు కాబట్టి ఒక కాంట్రాలో నోటి దగ్గరి రెల్లుపలకను, రీడును, నాలుకతో ఫట్‌మని కొట్టించాను. ఇంకోదాంట్లో స్వరం రాకుండా ఉత్త గాలి ఊదిస్తే తాళాలు రుద్దినట్టు 'చ్చు, చ్చు' అని వచ్చింది. మిగతా బాస్‌లను పై గొంతులోకి ఎక్కించాను. కింది గొంతు వాయిద్యం పైకెక్కితే కొంచెం వణుకుతుంది. ఆ వణుకు నాన్న గొంతులాగే ఉంది. జూన్ ఆఖరి శనివారం ఎనభై ఏళ్ల కాంట్రా ఆవిడ వాయిస్తూ వాయిస్తూ భుజాలు ఊపడం మొదలుపెట్టింది. అప్పుడు తెలిసింది, కుదిరిందని.

పేరు 'కోటయ్య డిస్కో' అని పెట్టాను. తాతయ్య పేరేగా అని రియా సంతోషించింది. మిసెస్ హాలిస్‌కు ఒక అలవాటుంది. ఏది వాయించినా ముందు దాని గురించి నాలుగు ముక్కలు మైకులో చదువుతుంది. ఈసారి నన్నే రాసిమ్మంది. నేను ఇంగ్లీషులో రాసి ఈమెయిల్ చేశాను. 'మా నాన్న కోటయ్య పల్లెటూళ్ల పెళ్లిళ్లలో క్లారినెట్ వాయించేవాడు. పెళ్లికొడుకు ముందు నడిచేవాడు. అన్నం మాత్రం అందరూ తిన్నాక పెరట్లో పెట్టేవాళ్లు. ఊరేగింపులో కుర్రాళ్లు డిస్కో అడిగేవాళ్లు. ఇది ఆయన కోసం.' తెల్లవాళ్లకు చెప్పడం సులువు. ఈ ముక్కల్లో వాళ్లకు కులం కనపడదు.

జులైలో గాలి మారింది. ఆగస్టులో వీరభద్రరావుగారబ్బాయి రుత్విక్ పెళ్లి. మన వైపు ఎన్నడూ లేని సంగీత్ ఒకటి పెట్టుకున్నారు. నాలుగొందల మంది. అందరిళ్లలోనూ చూసిన డాన్సులే కాకుండా కొత్తగా ఏదైనా ఉండాలని ఆయన వెతుకుతుంటే, మా క్లారినెట్ల గ్రూపులో ఏడుగురు తెల్లవాళ్లున్నారని ఎవరో చెప్పారు. రాగిణి నోట్లో ఎంగిలి అంతా ఒక్కరోజులో ఆర్ట్ అయిపోయింది.

"చంద్రికా, నువ్వింత టాలెంటెడ్ అని మాకు చెప్పనేలేదే!" అని ఫోన్‌లో ఒకటే మురిపెం. "ఒకసారి మా ఇంటికి అందర్నీ తీసుకురా. చిన్న డెమో."

తొమ్మిది మందిమి వెళ్లాం. వాళ్ల పెద్ద హాల్లో కుర్చీలు వేసి ఉన్నాయి. ప్రతి కుర్చీ ముందూ నేల మీద తెల్లటి మెత్తటి గుడ్డలాంటిది పరిచి ఉంది. అవేంటో ముందు నాకర్థం కాలేదు. రియా నా చెవిలో చెప్పింది.

"అమ్మా, ఇవి పప్పీ ప్యాడ్స్."

కుక్కపిల్లలు ఉచ్చ పోస్తే పీల్చుకోవడానికి వేసేవి. తొమ్మిది కుర్చీలకు తొమ్మిది. నాకూ ఒకటి, నా పిల్లకూ ఒకటి.

"హార్డ్‌వుడ్ కదా, మొన్ననే పాలిష్ చేయించాం," అంది రాగిణి. "ఏమనుకోకండి, ఎంతైనా ఎంగిలి కదా."

మిసెస్ హాలిస్‌కు ఆ మాట తెలియదు. నలభై ఏళ్ల సర్వీసులో ఏ ఇంటావిడా ఇంత ముందాలోచన చేయలేదని రాగిణి చేతులు పట్టుకుని థాంక్స్ చెప్పింది. నేనూ కూర్చున్నాను. ప్యాడ్ మీద వాయిద్యం పుల్ల ఆనించి వాయించాను. దిగిన బొట్లు ఆ ప్యాడ్ మీదే పడ్డాయి.

అయిపోగానే వీరభద్రరావుగారు చప్పట్లు కొట్టుకుంటూ లేచారు.

"ఫెంటాస్టిక్! ఇది సంగీత్‌కి కాదు, బరాత్‌కి పెట్టాలి. వాడి కన్వర్టిబుల్ ముందు మీరంతా నడుస్తూ వాయిస్తే వీడియో ఎలా ఉంటుందో ఊహించు! తెల్లవాళ్లు ముందు, మన పెళ్లికొడుకు వెనక!"

"ఇవి నడుస్తూ వాయించేవి కాదండీ. నేల మీద ఆనించాలి."

"దానిదేముందమ్మా, గోల్ఫ్ కార్ట్ తెప్పిస్తాను. పెద్దవాటిని అందులో ఎక్కిద్దాం."

రిక్షా మీది జనరేటరు కళ్ల ముందు కదిలింది. "కూర్చునే వాయిస్తామండీ. స్టేజి మీద, సంగీత్‌లో," అన్నాను. "కాదంటే మానేస్తాం."

నా గొంతుకు ఆయన కాస్త తగ్గారు. "సరే సరే, కళాకారులు కదా, పట్టుదల ఉంటుంది," అని నవ్వి, అక్కడికక్కడే గ్రూపులో పెట్టారు. కారెక్కేలోపల నా ఫోన్ మోగింది. 'మనవాళ్లలో మొట్టమొదటి లేడీ కంపోజర్! మన రక్తంలోనే ఉంది!' దాని కింద నలభై ఇళ్ల దండాలు, చప్పట్లు, మూడు సింహం బొమ్మలు.

దివాకర్ ఆ మెసేజ్‌ను ఇంట్లో పైకి చదివి ఒకటికి రెండుసార్లు మురిశాడు. తర్వాత ప్రోగ్రామ్ వాళ్లకు పంపడానికి నా లాప్‌టాప్‌లో ఫైల్ వెతుకుతూ ఆ నాలుగు ముక్కలు చూశాడు. వంటింట్లోకి వచ్చాడు.

"ఇది ఎవరికి పంపావ్?"

"మిసెస్ హాలిస్‌కి."

"సంగీత్‌లో ఇది చదువుతుందా?"

"ఎప్పుడూ చదువుతుందిగా."

"పెరట్లో పెట్టేవాళ్లు అని, వాళ్లందరి ముందు మైకులో?" గొంతు తగ్గించాడు, రియా మేడ మీద ఉంది. "పిచ్చా నీకు? ఫస్ట్ లైన్‌లోనే అర్థమైపోతుంది వాళ్లకి."

"అర్థమైతే అవనీ."

"అలా అనకు. రియా ఫ్రెండ్స్ అందరూ ఆ ఇళ్లలోనే ఉన్నారు. నీకు సర్జరీ అయినప్పుడు నెలరోజులు వంట చేసి పంపింది ఎవరు? ఫిఫ్టీన్ ఇయర్స్, చంద్రికా. ఇప్పుడు దొంగల్లాగా నిలబడాలా?"

"ఇప్పటిదాకా ఎలా ఉన్నాం మరి?"

అతను స్టౌ మీద పప్పు పొంగితే మంట తగ్గించాడు. "నీ మ్యూజిక్ ఆపమనట్లేదు. నీ పేరు ఉంటుంది, స్టేజి ఉంటుంది. ఆ నాలుగు లైన్లూ, ఆ టైటిలూ. అంతే కదా నేనడిగేది?"

నేను గట్టిదాన్నని నాకు పేరు. ఊళ్లో, ఆఫీస్‌లో, అత్తవారింట్లో. ఆ రోజు ఆ గట్టితనం ఎటు పోయిందో తెలియదు. రియా మీద చూపులు ఎలా మారతాయో తలుచుకున్నాను. దాన్ని పుట్టినరోజులకు పిలవడం మానేస్తారు. మానేశామని కూడా చెప్పరు. మరిచిపోయామంటారు. లాప్‌టాప్ తెరిచి పేరు 'సమ్మర్ డిస్కో' అని మార్చాను. కొత్తగా రెండు వాక్యాలు రాశాను. 'భారతదేశంలో గడిచిన నా బాల్యపు రంగుల జ్ఞాపకాలే ఈ సంగీతానికి స్ఫూర్తి. అందరూ ఆనందించాలని ఆశిస్తున్నాను.' చాక్లెట్ డబ్బా మీద రాసేలాంటి ముక్క. పంపేశాను. రెండు నిమిషాలు పట్టింది. దివాకర్ టీ పెట్టి తెచ్చాడు. తాగాను.

మర్నాడు కొత్త కాగితాలు ప్రింట్ తీస్తూ రియా అడిగింది.

"అమ్మా, టైటిల్ ఎందుకు మార్చావ్? కోటయ్య కూల్‌గా ఉంది కదా."

"సింపుల్‌గా ఉంటుందని."

"ఇది ఎలివేటర్ మ్యూజిక్ పేరులా ఉంది," అంది. కాగితాలు సర్దుకుని వెళ్లిపోయింది.

ఆగస్టు రెండో శుక్రవారం సాయంత్రం సంగీత్. బయట నూట మూడు డిగ్రీలు. బాంక్వెట్ హాల్లో స్వెటర్లు కావాల్సినంత చలి. గోడంత తెర మీద రుత్విక్, పెళ్లికూతురు ఏదో సముద్రం ఒడ్డున పరిగెత్తుతున్న వీడియో ఆగకుండా తిరుగుతోంది. పొగమిషన్ వదిలిన పొగ, దాని వెనక మామిడికాయ వాసన వేసే రూమ్ ఫ్రెష్‌నర్. రాగిణి చెల్లెళ్లు నలుగురు, మగవాళ్లు ఆరుగురు నెలరోజులు కోచ్‌ను పెట్టుకుని నేర్చుకున్న డాన్సు చేశారు. ఎవరి చెయ్యి ఎటు పోయినా ఈలలు వేశారు. వీరభద్రరావుగారు నల్లకళ్లద్దాలు పెట్టుకుని భార్యను చుట్టూ తిప్పబోయి ఆమె కొంగు తొక్కారు. అది కూడా ప్రాక్టీసే అనుకుని జనం ఊగిపోయారు.

మా పేర్లు పద్నాలుగో టేబుల్ మీద కార్డుల్లో ఉన్నాయి. దివాకర్ అక్కడ కూర్చున్నాడు. నేనూ రియా మా గ్రూపుతో స్టేజి ఎక్కాం. అర్ధచంద్రంలా తొమ్మిది కుర్చీలు. రీడు తడుపుకుని మౌత్‌పీస్ నోట్లో పెట్టుకున్నాను. మిసెస్ హాలిస్ మైకు దగ్గరకు వెళ్లి ఫైల్లోంచి కాగితం తీసింది. కళ్లజోడు సర్దుకుంది.

"చంద్రిక తండ్రి పేరు కోటయ్య," అని మొదలుపెట్టింది.

నా పళ్లు మౌత్‌పీస్ మీద బిగుసుకున్నాయి. ఆమెది క్లాసుకు డిక్టేషన్ చెప్పే గొంతు. ఒక్కో మాటా విడివిడిగా హాల్లోకి వెళ్లింది. పల్లెటూళ్ల పెళ్లిళ్లు, పెళ్లికొడుకు ముందు నడక, పెరట్లో అన్నం. పెరడు అన్నచోట ఆమె ఒక్క క్షణం ఆగింది కూడా. ముందు వరుసలో ఒకావిడ పక్కావిడ మోచెయ్యి పట్టుకుంది. వీరభద్రరావుగారు నల్లకళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. పద్నాలుగో టేబుల్ వైపు నేను చూడలేదు. రియా మాత్రం తన కాగితం వదిలేసి నన్నే చూస్తోంది.

లేచి ఏదైనా చెప్పవచ్చు. కానీ మిసెస్ హాలిస్ తన కుర్చీలోకి వచ్చి చెయ్యి లేపేసింది. కాంట్రా ఆవిడ ఫట్, ఫట్, ఫట్, ఫట్ మని కొట్టింది. రియా కింది స్వరం వేసింది. పై స్వరం నాది. నేను వెయ్యకపోతే పిల్ల ఒంటరిగా కుంటుతుంది. వేశాను.

అంత బాగా మేము ఎప్పుడూ వాయించలేదు. ఆ మాట చెప్పుకోవడానికి కూడా నాకు రోతగా ఉంది, కానీ నిజం. స్టేజి చెక్కలు అదిరాయి. వెనక టేబుళ్ల దగ్గర పిల్లలు, రుత్విక్ ఆఫీస్ ఫ్రెండ్స్, ఏ ఊరో ఏ కులమో పట్టని వాళ్లంతా లేచి ఎగిరారు. ముందున్న పది టేబుళ్లు కదల్లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, శవం దగ్గర కూర్చున్నట్టు కూర్చున్నారు. ఐదు నిమిషాలూ నేను వాళ్ల మొహాలు చూస్తూనే వాయించాను. మా నాన్నకు ఆ వీలు లేదు. ఆయన వాళ్లకు వీపు పెట్టి నడిచేవాడు.

స్టేజి దిగుతుండగా మిసెస్ హాలిస్‌ను అడిగాను, "నేను రెండోది పంపాను కదా?"

"చదివాను," అంది. "అందులో మనిషెవరూ లేరు. మొదటిదే బాగుంది." నా చెంప తట్టి, తన పెట్టె సర్దుకోవడానికి వెళ్లిపోయింది.

వాయిద్యాలు విప్పి తుడుచుకునే చోటు వంటవాళ్ల తలుపు పక్కన సందులో ఇచ్చారు. అక్కడే ఒక బల్ల మీద అట్టడబ్బాలు పేర్చి ఉన్నాయి. ఫొటోలవాళ్లకు, డీజేకు, పొగమిషన్ కుర్రాడికి పెట్టే భోజనం. మా గ్రూపుకు కూడా అవే అని నాకు ముందే తెలుసు. తెల్లవాళ్లు కారం తినరు కదా అని రాగిణి అంటే తలూపాను.

రియా తన క్లారినెట్ లోపల గుడ్డ లాగుతూ అడిగింది. "అమ్మా, తాతయ్యకి బ్యాక్‌యార్డ్‌లో ఎందుకు పెట్టేవాళ్లు?"

నేను నోరు తెరిచేలోపల రాగిణి వచ్చింది. చేతుల్లో రెండు డబ్బాలు. మొహం నిండా ఎప్పటి నవ్వే.

"చంద్రికా, మీ గ్రూపుతో ఇక్కడే తినేస్తారుగా? మీకూ కంఫర్టబుల్‌గా ఉంటుంది. పద్నాలుగులో మా పెదనాన్నగారి వాళ్లని సర్దాల్సొచ్చింది, ఏమనుకోకు." రియా చేతిలో ఒక డబ్బా పెట్టింది. రెండోది నా చేతికివ్వలేదు. బల్ల మీద పెట్టి కొంచెం నావైపు జరిపింది.

ఆమె వెనకే వీరభద్రరావుగారు, పక్కన దివాకర్. దివాకర్ చొక్కా చంకల దగ్గర తడిసి ఉంది, అంత చలిలో. నన్ను చూసి చిన్నగా తలూపాడు. ఒప్పుకో అన్నట్టు.

"అమ్మా, నువ్వు కంగారుపడకు," అన్నారు వీరభద్రరావుగారు. గొంతులో నిజంగానే జాలి ఉంది. "దివాకర్ అంతా చెప్పాడు. ఆ తెల్లావిడ ఎక్కడెక్కడివో కలిపి చదివేసిందట. మీ నాన్నగారికి పదెకరాల మాగాణి ఉండేదటగా? వ్యవసాయం చేసుకుంటూ సరదాకి క్లారినెట్ వాయించేవారట, హాబీగా. లోపల మనవాళ్లు ఒకటే గొణుగుతున్నారు. నువ్వు ఔనను, చాలు. నేను గ్రూపులో పెట్టేస్తాను. ఇంతటితో అయిపోతుంది. అంతే కదమ్మా?"

"అంతేనండీ," అన్నాడు దివాకర్, నా బదులు.

రియా డబ్బా పట్టుకుని వాళ్ల నాన్న వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"మా నాన్నకి సెంటు భూమి లేదండీ," అన్నాను. "మీలాంటి వాళ్ల పెళ్లిళ్లలో క్లారినెట్ ఊదితేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది."